రెండో మాత్ర

ఆరేళ్లు ఒక మాట మోశాను. "ఒకటే" అన్న మాట. విజయనగరంలో ఒక గుండె డాక్టరు ముందు, మా వదిన పక్కనే కూర్చుని ఉండగా, ఆవిడ నోరు తెరవకముందే నేను అన్న మాట అది. అది అబద్ధం. వ్యాపారంలో ఉన్నవాణ్ణి, అంతకంటే పెద్ద అబద్ధాలు రోజూ వింటాను, కొన్ని ఆడాను కూడా. వాటి బరువు సాయంత్రం దుకాణం కట్టేసరికి దిగిపోతుంది. ఇది దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లయితే మధ్యలోనే "పోనీలే, కావాలని చేశావా ఏంటి" అంటారు. ఆ మాట నాకు అక్కర్లేదు. మొదట చేసింది కావాలని చెయ్యలేదు. తర్వాత చేసింది కావాలనే చేశాను. రెండూ విడివిడిగా చెప్పాలి. కలిపి చెబితే మొదటిదాని చాటున రెండోది దాక్కుంటుంది. అలా దాచుకునే ఇన్నాళ్లూ గడిపాను.

నేను పెద్దగా చదువుకోలేదు. పదో తరగతి తప్పాను, అదీ ఇంగ్లీషులో. లెక్కలు మాత్రం నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. బొబ్బిలిలో మాది చింతపండు వ్యాపారం. వేసవిలో కొండ ఊళ్లనుంచి సరుకు దిగుతుంది. పచ్చి సరుకు ఆరితే కొంత తగ్గుతుంది, దాన్ని తరుగు అంటాం. ఆ తరుగు ఎంతుంటుందో ముందే అంచనా కట్టి ధర చెప్పాలి. నా తరుగు లెక్క తప్పదని బజారులో పేరు. పక్క దుకాణాలవాళ్లు కూడా వచ్చి అడిగేవారు. వడ్డీలు, పొలం కొలతలు, ఇంటి గోడకి ఎన్ని ఇటుకలు, ఏదడిగినా కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. గొప్పకు చెప్పడం లేదు. ఈ నమ్మకమే లేకపోతే నేను ఆ పని చేసి ఉండేవాణ్ణి కాదు.

అన్నయ్య పోయాక దుకాణం వదిన నడిపింది. లెక్కలు నేను చూసేవాణ్ణి, మనుషుల్ని ఆవిడ చూసేది. చింతపండు పిడికిట్లోకి తీసుకుని ఒకసారి నొక్కి వదిలేది, అంతే, ధర చెప్పేసేది. కొండ ఊళ్ల ఆడవాళ్లకి ఆవిడ అప్ప, అంటే అక్క; గంపలతో వచ్చి "అప్పేదీ?" అని అడిగేవారు. ఆవిడ లేకపోతే గంప దించేవారు కాదు. నేను కాటా దగ్గరే నిలబడి ఉన్నా సరే, అరుగు మీద కూర్చుని ఆవిడకోసం ఎదురుచూసేవారు. నా లెక్కలో ఒక్కోసారి వాళ్లకి ఎక్కువే ముట్టేది. అయినా వాళ్లకి ఆవిడ చెయ్యి మీదే నమ్మకం. ఇది నాకు గుచ్చుకునేదా? గుచ్చుకునేది. ఎంత గుచ్చుకునేదో అప్పట్లో నాకు తెలియదు.

రాష్ట్రం విడిపోయే ముందటి ఏడాది చలికాలంలో వదిన మారిపోయింది. మధ్యాహ్నం కాటా ముందే కునికిపాట్లు పడేది. గొంతు బొంగురుపోయింది. మొహం ఉబ్బింది. దువ్వెన నిండా జుట్టు. అందరం చొక్కాలు విప్పుకునే వేళకి ఆవిడ దుప్పటి అడిగేది. మా ఊరి డాక్టరు రక్తపరీక్ష చేయించి థైరాయిడ్ అన్నాడు. మెడలోని గ్రంథి మందగించిందని, అది తయారుచెయ్యాల్సినదాన్ని మాత్రగా వేసుకోవాలని చెప్పాడు. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, ఆ తర్వాత అరగంట దాకా కాఫీ కూడా వద్దన్నాడు. వేసవిలో మళ్లీ పరీక్ష చేయిస్తే అంతా సరిగ్గా ఉంది. ఇదే కొనసాగించండి, మార్చకండి అన్నాడు.

మార్చింది నేను.

వదిన తేరుకుంది, కానీ పూర్తిగా తేరుకోలేదని ఆవిడే అనేది. "ఇంకా సగం మనిషిలాగే ఉన్నాను మరిదీ" అని రెండు మూడుసార్లు అంది. వేరే ఎవరైనా అయితే ఆ మాట విని ఇంకొన్నాళ్లు ఆగమని చెప్పి ఉండేవారు. నాకు 'సగం' అనేది ఒక అంకెలా వినిపించింది. ఒక మాత్రకి సగం మనిషి తేరుకుంటే? మిగతా లెక్క నా బుర్రలో దానంతట అదే నడిచింది. అదే రోజుల్లో పేపర్లో ఆరోగ్యం పేజీలో ఒక ముక్క చదివాను. ఈ మందు పూర్తి మోతాదు మనిషి బరువును బట్టి కిలోకి ఇంత అని కట్టాలని అందులో ఉంది. కిలోకి ఇంత. ఇక నాకు చెప్పేదేముంది?

వదినని బస్తాల కాటా ఎక్కమన్నాను. ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కి నిలబడింది. "ఏటి, నన్ను కూడా బస్తాలో కట్టి అమ్మేత్తావేటి?" అంది. మా ఆవిడ లోపల్నుంచి నవ్వింది. "తరుగు ఎంత తీత్తావు సెప్పు, పచ్చి సరుకునే నాను" అని వదిన మళ్లీ అంది. నేనూ నవ్వాను. బరువు చూసి లెక్క కట్టాను. ఒకటిన్నర మాత్ర దాటింది, రెండుకి కొంచెం తక్కువ వచ్చింది. మా దుకాణంలో తాత కాలంనుంచీ ఒక పద్ధతి ఉంది, తూకం ఎప్పుడూ కొన్నవాడి వైపు మొగ్గాలి. ముల్లు నిలువుగా నిలబడితే మాకు సిగ్గు. ఆ అలవాటే చేతిలో ఉంది. రెండు చేశాను.

డాక్టరుని అడగక్కర్లేదా అని వదిన అడిగింది. ఆయన మనిషిని చూసి అందాజుగా రాశాడు, నేను తూచి చెబుతున్నాను అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, "నువ్వు తూత్తే మరి తప్పేటున్నాది" అంది. ఆ మర్నాటినుంచి రెండు మాత్రలు.

నా లెక్కలో తప్పెక్కడుందో చాలా తర్వాత తెలిసింది. చెబితే మీరు నవ్వుతారు. ఆ పేపరు లెక్క గ్రంథి పూర్తిగా పనిమానేసినవాళ్ల లెక్క. వదిన గ్రంథి మందగించింది గానీ పడుకోలేదు, తనవంతు ఇంకా చేస్తూనే ఉంది. అది చేస్తున్నదాన్ని తీసేసి మిగతాది కదా బయటనుంచి ఇవ్వాలి. గొడౌన్లో ఉన్న సరుకు తీసెయ్యకుండా కొత్త సరుకుకి ఆర్డరు పెట్టే వ్యాపారిని నేను వెర్రివాడంటాను. నేను పెట్టింది అలాంటి ఆర్డరే. పైగా మొగ్గు వేసి మరీ పెట్టాను.

మొదటి నెల నా లెక్కే గెలిచిందనుకున్నాను. వదిన తెల్లారకముందే లేచేది. మొహం వాపు తగ్గింది, ఒళ్లు తగ్గింది, మాటలో చురుకు వచ్చింది. దుకాణంలో ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. చూశావా అన్నట్టు మా ఆవిడ వైపు చూసేవాణ్ణి. లోకంలో డాక్టర్లు లెక్కలు రానివాళ్లని కూడా ఒకటి రెండుసార్లు అన్నట్టు గుర్తు.

తర్వాత వేళ్లు వణకడం మొదలైంది. పొట్లం కట్టి పురికొస ముడి వేస్తుంటే ముడి జారిపోయేది. ఫ్యాను కింద కూడా జాకెట్టు తడిసిపోయేది. నిద్ర పట్టడం లేదని, గుండె చెవిలో కొట్టుకుంటున్నట్టుందని చెప్పేది. అటక మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయి ఊపిరి కూడదీసుకునేది. నేను ఏమన్నాను? సరుకు రోజులు కదా, ఒళ్లలసింది అన్నాను. ఎండ అన్నాను. గ్యాసు అని కూడా అన్నాను. అప్పుడు నేను అబద్ధమాడలేదు, నమ్మే అన్నాను. మాత్రల వైపు నా ఆలోచన వెళ్లనే లేదు. వెళ్లలేదా, వెళ్లబోతుంటే నేనే పక్కకి తిప్పానా? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. ఆ నెల వరకు నన్ను నేను నమ్ముతాను.

అంతలో బందులు వచ్చాయి. రాష్ట్రాన్ని విడగొట్టొద్దని రోడ్లన్నీ ఆగిపోయాయి. బస్సుల్లేవు, దుకాణాలు మూత. వారాల తరబడి మా తలుపులు తెరవలేదు. వదిన ఇంట్లో కూర్చునే ఉంది. బస్తా ఎత్తలేదు, మెట్టెక్కలేదు, ఎండలోకి పోలేదు. అయినా దడ తగ్గలేదు. ఒక పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుంటే, గ్లాసు గిన్నెకి తగిలి టకటక చప్పుడు చేసింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకుని గోడగడియారం చూస్తూ నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నిమిషం పూర్తి కాలేదు. సగంలో చెయ్యి వదిలేశాను. నేను ఒక లెక్క మధ్యలో వదిలేసిన సందర్భం నాకు ఇంకోటి గుర్తులేదు. అలసట అన్నాను కదా, అలసట ఎక్కడుంది? మనిషి కూర్చునే ఉంది.

మాత్రలు అయిపోవస్తున్నాయని ఆ రోజే మందుల షాపుకి వెళ్లాను. బందులోనూ మందుల షాపు సగం తలుపు తెరిచి ఉంచేవారు. సీసా ఇస్తూ షాపతను, మొన్ననే కదా పట్టుకెళ్లారు అన్నాడు. ఎవరైనా రెండేసి మింగుతున్నారా అని నవ్వుతూ అడిగాడు. అలా మింగితే గుండె పరిగెడుతుందని, ఆయాసం వస్తుందని, పెద్దవాళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండమని చెప్పాడు. నేను కూడా నవ్వాను. పాత సీసాలో నీళ్లు పడ్డాయని చెప్పాను. మొదటి అబద్ధం అదీ. దానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అప్పుడే, ఆ సగం తలుపు ముందు నిలబడి, నాకు మొత్తం తెలిసిపోయింది.

ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పొచ్చు. వదినా, నా లెక్క తప్పింది, రేపటినుంచి ఒకటే వేసుకో అనొచ్చు. ఆవిడ నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. అంతకుమించి ఏమీ జరిగేది కాదు. ఇది నాకు ఇప్పుడు తెలుసు, అప్పుడూ తెలుసు. ఎందుకు చెప్పలేదు? నా లెక్క తప్పదని అందరూ అనుకోవడం నాకు అంత ముఖ్యమా? అవును, అంత ముఖ్యం. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

మర్నాడు పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తూ వదిన కూలబడిపోయింది. ఊపిరి అందడం లేదు. పెదవులు తెల్లబడ్డాయి. బస్సుల్లేవు గనక రైల్లో విజయనగరం తీసుకెళ్లాను. పెట్టె కిక్కిరిసి ఉంది. ఎవరో లేచి చోటిచ్చారు. ఆవిడ నా చేతికి తల ఆనించి దారంతా కళ్లు మూసుకునే ఉంది. నేను నిలబడి కిటికీలోంచి పొలాలు చూస్తూ, లోపలికి వెళ్లగానే డాక్టరుకి చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

గుండె డాక్టరు పెద్దాయన, మంచి మనిషి. ఛాతీ మీద తీగలు పెట్టి కాగితం తీయించాడు. గుండె బాగా వేగంగా ఉందని, మధ్య మధ్య గతి తప్పుతోందని అన్నాడు. మందులు ఏమేం వాడుతున్నారని అడిగాడు. థైరాయిడ్ అన్నాను. మాత్రలు ఎన్ని అని అడిగాడు.

"ఒకటే సార్."

ఈ మధ్య పరీక్ష చేయించారా అని అడిగాడు. సంచీలోంచి వేసవిలో చేయించిన రిపోర్టు తీసి ఇచ్చాను. అది ఒక మాత్ర వేసుకునే రోజుల రిపోర్టు. అంతా సరిగ్గా ఉన్న రిపోర్టు. ఆయన చూసి తలూపాడు. థైరాయిడ్ బాగానే ఉంది, అయితే ఇది గుండెదే అన్నాడు. ఆయన తప్పు ఏమీ లేదు. నేను ఇచ్చిన అంకెతో ఆయన లెక్క కట్టాడు. అంకె తప్పయితే జవాబు ఎలా ఒప్పవుతుంది? దడ తగ్గడానికి ఒక మాత్ర రాశాడు. బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు, దుకాణం పని తగ్గించుకోమని చెప్పాడు. వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని అన్నిటికీ తలూపింది.

బయటికి వచ్చాక ఆస్పత్రి మెట్ల పక్క నీడలో కూర్చోబెట్టాను. కొబ్బరిబోండం కొట్టించి తెచ్చి ఇచ్చాను. తాగలేదు. చేతిలో పట్టుకునే అడిగింది.

"రెండు కదా ఏసుకుంతన్నాను. ఒకటని సెప్పేవేటి?"

"రెండంటే తిడతారు వదినా. వీళ్లకి ఒకళ్లు రాసింది ఇంకొకళ్లు మారిస్తే కోపం."

"దానివల్ల కాదు గదా ఇది?"

"దానికీ దీనికీ ఏటీ సంబంధం లేదు."

"ఒట్టే?"

"ఒట్టు."

ఆవిడ బోండం నోటికెత్తుకుని తాగింది. నా ఒట్టు మీద తాగింది. ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్నది ఈ నాలుగు మాటలే. డాక్టరు ముందు అన్నది భయంలో అన్నాననుకోవచ్చు. ఇది మాత్రం నీడలో, తీరిగ్గా, ఆవిడ కళ్లలోకి చూస్తూ అన్నాను.

కొత్త మాత్ర మొదలెట్టాం కదా, థైరాయిడ్‌ది ఇక ఒకటి చాలని మర్నాడే చెప్పాను. ఆవిడ ఎందుకని అడగలేదు. కొన్ని వారాల్లో వణుకు పోయింది, దడ పోయింది, నిద్ర పట్టింది. గుండె డాక్టరు చేతి చలవ అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. తర్వాత ఎప్పుడు పరీక్ష చేయించినా థైరాయిడ్ సరిగ్గానే ఉండేది. దాంతో గుండెదే జబ్బని ఇంకా గట్టిపడింది. దడ తగ్గించే మాత్ర ఆపకుండా వాడింది. అది గుండె వేగాన్ని అణిచే మందు. అవసరం లేని మనిషికి అది నీరసం తెస్తుంది. వదిన నాలుగడుగులు వేసి కూర్చునేది. చూశారా, గుండె ఎంత బలహీనంగా ఉందో అనుకునేవాళ్లం. నేనిచ్చిన మందు జబ్బు తెచ్చింది, ఆ జబ్బుకిచ్చిన మందు జబ్బుని నిలబెట్టింది.

మరుసటి వేసవి సరుకు దిగే వేళకి వదిన దుకాణానికి రాలేదు. "నువ్వే సూసుకో మరిదీ, నాకు ఊపిరాడదు" అంది. ఆవిడ కూర్చునే చోట నేను కూర్చున్నాను. కొండ ఊళ్ల ఆడవాళ్లు వచ్చి అప్పేదని అడిగారు. గుండె జబ్బని చెప్పాను. నాలుక కరుచుకుని, అయ్యో అని, గంపలు దించారు. మొదటిసారి నాకు దించారు. అప్పుడు నాకేమనిపించిందో చెప్పాలి, లేకపోతే ఇదంతా రాయడం దండగ. బాగుందనిపించింది. ఆ చోటు కోసం నేను రెండో మాత్ర ఇవ్వలేదు, అది ఒట్టు వేసి చెప్పగలను, నా ఒట్టుకి విలువ లేదని తెలిసీ. కానీ నిజం చెప్పకుండా ఆగినప్పుడు, ఆ చోటు కూడా నన్ను ఆపిన వాటిలో ఒకటి.

వదిన ఒక్కొక్కటే మానేసింది. కార్తీకంలో వీధిలోని ఆడవాళ్లతో కళింగపట్నం సముద్రానికి వెళ్లేది, మానేసింది. పెళ్లిళ్లకి మానేసింది. గుమ్మం దాటాలంటే పక్కన మనిషి ఉండాలి. ఆవిడకి ఒక్కతే కూతురు, శ్రీకాకుళంలో ఇచ్చాం. తొలికాన్పుకి పిల్లని పుట్టింటికి తీసుకురావాలి. వదిన తీసుకురానంది. నేను గుండె మనిషిని, పురిటి మంచం దగ్గర నాకేమైనా అయితే పచ్చి బాలింత ఏమైపోతుంది అంది. పిల్ల అత్తారింట్లోనే కనింది. మనవణ్ణి చూడ్డానికి వెళ్లడానికి కూడా వదిన ధైర్యం చెయ్యలేదు, వాళ్లే మూడో నెలలో తీసుకొచ్చి చూపించారు. ఆ పిల్ల మొహం ఆ రోజు ముడుచుకునే ఉంది. నేను పక్కనే నిలబడి పసివాడి చేతిలో డబ్బు పెట్టాను.

చెప్పడానికి వీలు దొరకలేదని అనను. ఆరేళ్లలో ప్రతి పొద్దున్నా వీలే. మొదటి వారం చెప్పి ఉంటే పొరపాటు అయ్యేది. ఏడాదికి మోసం అయింది. ఆ తర్వాత దానికి ఏం పేరు పెట్టాలో తెలియక చెప్పలేదు.

పోయిన ఏడాది వదినకి పిత్తాశయంలో రాళ్లన్నారు. ఆపరేషన్ తప్పదన్నారు. విజయనగరంలోనే వేరే ఆస్పత్రి. ముందురోజు మత్తు డాక్టరమ్మ పిలిచింది. చిన్న వయసు, ఓపిగ్గా అడుగుతోంది. గుండె జబ్బు ఎప్పటినుంచి అని అడిగింది. వదిన తనకి కంఠతా వచ్చిన పాఠంలా చెప్పుకొచ్చింది, ఎప్పుడు కూలబడింది, ఏం రాశారు, ఏం చెయ్యొద్దన్నారు. డాక్టరమ్మ గుండె స్కానింగు కాగితాలు తిరగేసి, ఇందులో జబ్బేమీ కనబడటం లేదే అంది. తర్వాత తనలో తాను అనుకున్నట్టుగా, ఆ రోజుల్లో థైరాయిడ్ మాత్ర ఎంత వేసుకునేవారు అని అడిగింది.

వదిన నా వైపు చూసింది. అలవాటుగా చూసింది. మందుల లెక్కలు చెప్పేది నేనే కదా.

మత్తిచ్చేవాళ్లకి తప్పు చెబితే ఏమవుతుందో అని భయపడ్డానా? కొంత. కానీ అదొక్కటే కాదు. నా పక్కనున్న మనిషి తన జబ్బు గురించి అంత పద్ధతిగా, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పడం విన్నాను. ఆ పాఠమంతా నేను రాసిచ్చిందే. ఇక వినలేకపోయాను.

"రెండు" అన్నాను. డాక్టరు రాసింది ఒకటని, రెండోది నేను వేశానని, గుండె డాక్టరుకి దాచానని, పాత రిపోర్టు చూపించానని చెప్పాను. వరసగా, ఏదీ వదలకుండా చెప్పాను. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, రాసుకుంది. తర్వాత కుర్చీ వదిన వైపు తిప్పుకుని, అమ్మా, అప్పుడు మీకొచ్చింది మాత్ర ఎక్కువవడం వల్ల వచ్చిన దడ అయ్యుండొచ్చు, ఇప్పుడు మీ గుండె బాగుంది అని చెప్పింది. ఆ దడ మాత్ర ఒక్కసారిగా మానకూడదని, ఆపరేషన్ అయ్యాక గుండె డాక్టరుకి అన్నీ చెప్పి, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోమని అంది. వదిన నా వైపు చూడలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి వచ్చాం. కుట్లు తీసేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఒకరోజు మధ్యాహ్నం మా ఆవిడ చేత పిలిపించింది. గోడకి దిండు వేసుకుని కూర్చుని ఉంది.

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

"మందుల షాపులో. విజయనగరం వెళ్లడానికి ముందు రోజు."

"అయితే ఆస్పత్రి కాడ నానడిగినప్పుడు తెలుసు."

"తెలుసు."

దుకాణం నీది వదినా, రేపటినుంచి నువ్వే కూర్చో అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలనిపించింది. ఆవిడ చెయ్యి ఆడించి ఆపింది.

"దుకాణం గొడవ ఎవడిక్కావాల? నా గుండె బాగున్నాదని నీకు తెలుసు. నాకు తెలీదు. రోజూ లేత్తానో లేవనో అనుకుని పడుకున్నాను మరిదీ."

దిండు కిందికి దించుకుంటూ, "పిల్లకి నాను సెప్పను. నువ్వే సెప్పు" అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

పిల్లకి ఫోన్ చెయ్యడానికి వారం పట్టింది. చేశాను. అంతా చెప్పాను, మీకు చెప్పినట్టే, మొదటిది విడిగా, రెండోది విడిగా. ఫోన్లో వెనకాల మనవడు ఏదో కావాలని మారాం చేస్తున్నాడు, వాణ్ణి ఊరుకోమనలేదు. చివరికి ఆ పిల్ల ఒక్క మాట అంది. "అమ్మకి నేనంటే లెక్కలేదనుకున్నాను చిన్నాన్నా ఇన్నాళ్లూ." ఫోన్ పెట్టేసింది. మళ్లీ నేను చేస్తే ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తదు.

తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటున్నారని మా ఆవిడ చెప్పింది. పోయిన నెల వదిన ఒక్కతే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లింది. స్టాండుకి నేను వస్తానన్నాను, వద్దంది. పది రోజులుండి వచ్చింది. ప్రయాణం ఎలా జరిగిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. నాతో అవసరమైనంతవరకే మాట్లాడుతుంది. అన్నం పెట్టమంటే పెడుతుంది. క్షమించమని నేను అడగలేదు, అడగను కూడా. అడిగితే ఆవిడ మళ్లీ నాకోసం ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. ఆవిడ చేసింది చాలు.

వదినకీ పిల్లకీ నోటితో చెప్పాను. ఇంకా మిగిలిందనిపించి ఇలా రాశాను. మా బజారులో నన్ను ఇప్పటికీ తరుగు లెక్కలు అడుగుతారు, చెబుతూనే ఉన్నాను, అవి తప్పడం లేదు. ఎవరైనా ఒంట్లో బాగోలేదని మందు కాగితం చూపిస్తే మాత్రం తిరిగి ఇచ్చేసి, రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లమంటాను, ఏం మింగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పమంటాను. ఎందుకని ఒకతను మొన్న గుచ్చి గుచ్చి అడిగాడు. కూర్చోమని చెప్పి, మా వదినకి నేను చేసింది మొదటినుంచీ చెప్పాను. అతను విని, లేచి వెళ్లిపోయాడు. నేను కాటా తుడుచుకున్నాను.